రక్తం తక్కువుందన్నరు, ఏం పని చేస్తవని అడగలే



మా మేనబావ దగ్గర ఒక ప్లాస్టిక్ కవర్ ఉంది. దాంట్ల పదకొండు ఓపీ చీటీలు. పటాన్‌చెరు బెల్టులో పనిచేసిన రెండేళ్లలో జమైనవి. కొన్ని సర్కారు దవాఖానవి, కొన్ని ప్రైవేటువి, రెండు ఆర్ఎంపీ దగ్గర తెల్లకాగితం మీద రాసినవి. పోయిన నెల వాటిని చాప మీద తారీఖుల వారీగా పరిచి కూర్చున్న.

నీరసం. ఒళ్లు నొప్పులు. రక్తం తక్కువ. మళ్లీ ఒళ్లు నొప్పులు. ఒకదాంట్ల కామెర్లు అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టిన్రు. మందులు చూస్తే ఐరన్ గోళీలు, బీ కాంప్లెక్స్, నొప్పికి డైక్లోఫెనాక్ సూది, మూడుసార్లు యాంటీబయాటిక్.

పదకొండు చీటీల మీద పేరుంది, వయసుంది, ఫోన్ నంబరుంది. మనిషి ఏం పని చేస్తడో ఒక్కదాని మీద లేదు. ఆయన చేసే పని ఏందంటే, ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో కాంట్రాక్టర్ కింద హెల్పర్. సాల్వెంట్ డ్రమ్ములు దొర్లించాలె. మిషన్‌లోంచి తడి పొడిని తీసి సంచులకెత్తాలె. 12 గంటల డ్యూటీ.

ఆ కంపెనీ పేరు, ఆ దవాఖానల పేర్లు ఇక్కడ రాయను. ఒక్కచోట జరిగిన తప్పైతే పేరు రాసి ఊరుకునేటోన్ని. పదకొండు చోట్ల, పదకొండు మంది ఒకే తీరుగ అడగకుండ వదిలేసిన్రంటే అది ఒక డాక్టరు మతిమరుపు కాదు గదా.

చివరికి ఎట్ల తెలిసింది? దండారికి ఊరికొచ్చినప్పుడు బడి వరండాలో వైద్య శిబిరం నడుస్తున్నది. వేలిమీద సూదితో గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసిన్రు. తర్వాత హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు పంపిన్రు. సికిల్ సెల్, ఎస్ఎస్. అంటే అమ్మ నుంచి ఒకటి, నాయిన నుంచి ఒకటి, రెండు జన్యువులూ వచ్చినయి. 24 ఏళ్ల వయసులో తెలిసింది. మన దేశపు ఆదివాసుల్లో చాలామందికి సికిల్ ఆఫ్రికాలో ఉన్నంత తీవ్రంగా ఉండదు, పసిపిల్లలప్పుడు ఉండే రకం హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొంత మిగిలి కాపాడుతది, అందుకే ఇంత ఆలస్యంగా బయటపడేటోళ్లు ఉంటరని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. సరే. కానీ రెండేళ్లలో పదకొండుసార్లు డాక్టర్ల ముందు కూర్చున్న మనిషికి, తన జబ్బు పేరు దవాఖానల్లో దొరకలే, బడి వరండాల దొరికింది. నా కోపం దీని మీదనే.

"రక్తం తక్కువ" అనేది జబ్బు పేరు కాదు. జ్వరం లెక్క అదొక గుర్తు. ఎందుకు తక్కువైందో కనుక్కోవడమే వైద్యం. మన దేశంలో ఐరన్ లోపం ఎక్కువ, నిజమే. అందుకని ఎవరొచ్చినా ఐరన్ గోళీ రాసి పంపుడు అలవాటైపోయింది. కానీ సీబీపీ అనే మామూలు రక్త పరీక్ష కాగితం మీదనే దారి చూపే అంకెలు ఉంటయి. అందులో ఎంసీవీ అని ఒకటుంటది, అంటే ఎర్ర కణం సైజు. ఐరన్ లోపంలో కణం చిన్నగవుతది. తలసీమియా జన్యువు ఉన్నా చిన్నగనే ఉంటది. బ్యాటరీ పనిలో సీసం ఒంట్లోకి పోయినా చిన్నగ కావచ్చు. సికిల్‌లో మామూలు సైజే ఉండొచ్చు. ఇగ బెంజీన్ లాంటివి ఎముక మూలుగనే దెబ్బతీస్తయి, అప్పుడు ఎర్ర కణాలొక్కటే కాదు, తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ కలిసి పడిపోతయి. ఆ కాగితం చదివేటప్పుడు డాక్టరు రెండు సంగతులు అడగాలె. నీ ఇంట్ల, మీ గూడెంల ఎవరికన్న ఇట్లుందా? నువ్వు ఏ పని చేస్తవు, ఏం ముట్టుకుంటవు, ఏం పీలుస్తవు?

ఈ రెండు ప్రశ్నలు అడగకపోతే ఐరన్ గోళీ ఒక గుడ్డి రాయి. తగిలితే తగిలింది. సికిల్ ఉన్నోళ్లకు ఐరన్ లోపం ఉండనే ఉండదని కాదు, ఉండొచ్చు. అందుకే ఫెరిటిన్ పరీక్ష చేసి, నిజంగ లోపం ఉంటేనే ఇయ్యాలె. మళ్లీమళ్లీ రక్తం ఎక్కించుకున్నోళ్లకైతే ఒంట్లో ఐరన్ పేరుకుపోయి కాలేయాన్ని, గుండెను పాడు చేస్తది. వాళ్లకు పరీక్ష లేకుండ ఐరన్ రాస్తే అది వైద్యం కాదు, ఎదురు దెబ్బ.

కామెర్ల చీటీ దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయిన. కండ్లు పచ్చగైతే మన దిక్కు పసరు పోస్తరు, పత్యం పెడతరు. పట్నంల డాక్టరు కూడా దాదాపు అదే చేసిండు. నూనె మానెయ్, చెరుకురసం తాగు అన్నడు. కానీ పటాన్‌చెరులో ఒక ఆదివాసీ కార్మికుడి కండ్లు పచ్చబడితే కనీసం మూడు దారులు ఉంటయి. సికిల్‌లో ఎర్ర కణం 120 రోజులు బతకాల్సింది 10, 20 రోజులకే పగిలిపోతది, ఆ పగిలిన రక్తమే పసుపుగ కండ్లల్ల తేలుతది. రెండోది, కలుషితమైన నీళ్ల నుంచి వచ్చే హెపటైటిస్ ఏ, ఈ. ఇస్నాపూర్‌లో ఒక్క గదిలో ఎనిమిది మంది ఉండి ఒకే డ్రమ్ముల నీళ్లు ముంచుకు తాగేటోళ్లకు అది రావడం కష్టమేం కాదు. మూడోది, సాల్వెంట్. ఫార్మా యూనిట్లలో వాడే డైమిథైల్ ఫార్మమైడ్, దాన్నే డీఎంఎఫ్ అంటరు, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగి కాలేయాన్ని దెబ్బతీస్తది.

ఈ మూడింటినీ విడదీయడానికి పెద్ద కార్పొరేట్ దవాఖాన అక్కర్లేదు. బిలిరుబిన్‌లో ఏ రకం పెరిగిందో చూడాలె. ఎస్‌జీపీటీ ఎట్లుందో చూడాలె. రెటిక్ కౌంట్, అంటే కొత్తగా పుడుతున్న ఎర్ర కణాల లెక్క, చూడాలె. ఎస్‌జీపీటీ మామూలుగ ఉండి, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగి, రెటిక్ ఎక్కువుంటే రక్తం పగులుతున్నదని అనుమానించాలె. ఎస్‌జీపీటీ ఎగబాకితే కాలేయం దిక్కు చూడాలె. అప్పుడు వైరస్ పరీక్ష చేసి, పని గురించి అడగాలె.

మా బావ చీటీ మీద బిలిరుబిన్ మొత్తం అంకె ఒక్కటే ఉంది. ఆ రోజుల్లో ఆయనకు సికిల్ వల్ల కండ్లు పచ్చబడ్డయా, సాల్వెంట్ వల్లనా, రెండూ కలిసా? ఇప్పుడు ఎవ్వరూ చెప్పలేరు. ఆ రక్తం ఆ రోజే పోయింది. కంపెనీ మీద కేసు పెడదామన్నా చేతుల ఏముంది? ప్రశ్న గుర్తు పెట్టిన చీటీ ఒక్కటి.

అడగని ప్రశ్న ఎవరికి లాభమో ఇక్కడ అర్థమైతది. డాక్టరు "పని" అని రాయకపోతే ఫ్యాక్టరీ పేరు ఏ రికార్డులోకీ ఎక్కదు. రోగం ఉంటది, రోగి ఉంటడు, కారణం మాత్రం గాలిలో కలిసిపోతది.

ఇది కొత్త జ్ఞానం కాదు. ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు 1700లోనే కార్మికుల జబ్బుల మీద పుస్తకం రాసిండు. తన ఇంట్ల పాయఖానా గుంత ఎత్తే మనిషి ఎందుకంత తొందరపడుతున్నడో అడిగి, ఆ గుంతలోని గాలి కండ్లు తీసేస్తదని తెలుసుకుని ఆ పని మొదలుపెట్టిండంటరు. పాతకాలం వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు ఇంకొకటి కలపమన్నడు: నువ్వేం పని చేస్తవు? మూడొందల ఏండ్లు దాటింది. ఇస్నాపూర్ చౌరస్తా దాకా ఆ ప్రశ్న ఇంక రాలే.

అట్లని ఇక్కడ అడిగినోళ్లే లేరంటే అబద్ధం. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు తన దగ్గరికొచ్చే రోగుల చర్మం చూసి, దగ్గు విని, స్టెతస్కోపు పక్కన పెట్టి నక్కవాగు దిక్కు నడిచిన మనిషి. కాలుష్యానికి వ్యతిరేకంగా రైతుల్ని, ఊర్లను కూడగట్టిండు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు పోయిన కేసు దశాబ్దాలు నడిచింది. 2004లో గ్రీన్‌పీస్ ఈ బెల్టు ఊర్లలో ఇంటింటి ఆరోగ్య సర్వే చేసి, ఫ్యాక్టరీలు లేని ఊర్లతో పోల్చి చూపింది. ఇక్కడ జబ్బులు ఎక్కువని తేలింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటకొచ్చే నీళ్లను పరీక్షించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే ప్లాంటు అది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాత నీళ్ల సంగతి ఇది. అలాంటి బెల్టులో కూర్చుని, దగ్గుతో వచ్చినోడికి ఏమీ అడగకుండ మళ్లీ ఇంకో యాంటీబయాటిక్ రాసిచ్చుడంటే ఏమనాలె?

దగ్గు సంగతే చూడుండ్రి. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేసి టీబీ ఉందో లేదో చూడాలె, అది సరైన పద్ధతే, సర్కారు దవాఖానలో ఉచితమే. టీబీ లేదని తేలినాక ఏంది? యాంటీబయాటిక్, దగ్గు సిరప్, ఇంటికి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న పైసా ఖర్చు లేనిది: సెలవు రోజు దగ్గు తగ్గుతదా? ఊరికి పోయినప్పుడు తగ్గి, డ్యూటీకి రాంగనే మొదలైతదా? అట్లయితే అది పని తెచ్చిన ఆస్తమా కావచ్చు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందుల పొడి పీల్చిన కార్మికులకు ఆస్తమా వస్తదని వైద్య పుస్తకాల్లోనే ఉంది. పీక్ ఫ్లో మీటరు అని చేతిలో పట్టేంత గొట్టం ఉంటది. డ్యూటీ రోజుల్లో, సెలవు రోజుల్లో, రోజుకు నాలుగైదుసార్లు ఊది కొన్ని వారాలు రాసుకుంటే తేడా కనపడుతది. క్రషర్లలో, ఫౌండ్రీల్లో రాతి దుమ్ము పీల్చినోళ్లదైతే ఇంకో కథ. ఆ దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో టీబీ లెక్కనే కనపడొచ్చు. ఏం పని చేసినవని అడగకపోతే, లేని టీబీకి నెలల తరబడి మందులు మింగుడే. సిలికోసిస్ ఉన్నోళ్లకు టీబీ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువే. కాబట్టి రెండూ చూడాలె.

"ఓపీలో వంద మంది ఉంటరు, ఇవన్నీ ఎప్పుడు అడగాలె?" అంటరు డాక్టర్లు. వాళ్ల కష్టం నాకు తెలుసు. లైన్ల నిలబడ్డోన్ని నేనే గదా. కానీ ఓపీ చీటీ రాసేది డాక్టరు కాదు, కౌంటర్ల కూర్చున్నోళ్లు. వయసు అడిగినట్టే పని అడిగి రాస్తే పది సెకన్లు. ఫోన్ నంబరు అడగడానికి టైముంది, పని అడగడానికి లేదా?

ఇగ రెండో ప్రశ్న, రక్తం సంగతి. ఇక్కడ మనం జాగ్రత్తగ మాట్లాడాలె.

గిరిజన వ్యవహారాల శాఖ చెప్పే లెక్కే ఇది: ఎస్టీల్లో పుట్టే ప్రతి 86 మంది పిల్లల్లో ఒకరికి సికిల్ సెల్ జబ్బు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టిండు. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అని లక్ష్యం. ఆసిఫాబాద్, ఉట్నూరు, భద్రాచలం దిక్కు శిబిరాలు పెడుతున్నరు, మంచిదే. మా బావకు జబ్బు పేరు తెలిసింది అట్లాంటి శిబిరంలనే. కానీ గూడెం విడిచి పోయినోడి సంగతేంది? 19, 20 ఏండ్లకే ఇంటర్ ఫెయిలై, లేకుంటే డిగ్రీ పాసై కూడా కొలువు లేక, పాశమైలారం బస్సెక్కిన పిల్లలు శిబిరం రోజు ఊర్ల ఉండరు. ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ అన్నదమ్ములు అసలే ఉండరు. పథకం అడివి దాకా పోయింది, అడివి నుంచి వచ్చినోడి వెంట రాలే.

నారాయణఖేడ్, కంగ్టి తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలు కూడా ఇదే బెల్టులో ఉన్నరు. రిజర్వేషన్ మీద మనకూ వాళ్లకూ ఉన్న తగాదా నాకు తెలుసు. కామెంట్లలో అది మొదలుపెట్టకుండ్రి, దానికి వేరే వేదికలున్నయి. డ్రమ్ము మోసే చేతులు ఇద్దరివీ అవే.

"కులం, తెగ అడిగి వైద్యం చేస్తరా? అది వివక్ష గదా?" అని ఒక దోస్తు అడిగిండు. అడగాల్సిన మాటే. నేను చెప్పేది తెగ పేరు చూసి మందు రాయమని కాదు. రక్తం తక్కువుండి, ఒళ్లు నొప్పులు మళ్లీమళ్లీ వచ్చే ప్రతి పిల్లగానికీ సికిల్ పరీక్ష చెయ్యుండ్రి. గోండు, కోలాం, కోయ అయినా, కాకున్నా. సికిల్ వేరే కులాల్లో కూడా ఉంటది. పరీక్ష చెప్పాలె, పేరు చెప్పొద్దు.

ఇంకో భయం నిజమైనది. నాకు రాత్రి నిద్ర పట్టనియ్యనిది అదే. రక్తం ప్రశ్న ఒక్కటే అడిగి, పని ప్రశ్న వదిలేసిన్రనుకో. అప్పుడు కంపెనీ ఏమంటది? "మా సాల్వెంట్‌లో ఏం లేదు, వాని రక్తంలనే దోషం ఉంది" అంటది. ఆదివాసీ అంటేనే బలహీన రక్తం అని ఇంకో ముద్ర పడుతది. గేటు దగ్గర్నే సికిల్ పరీక్ష పెట్టి మనోళ్లను వెనక్కి పంపుతరు. ఒక్క జన్యువే ఉన్నోళ్లను, అంటే క్యారియర్లను కూడా పంపుతరు. వాళ్లు రోగులు కారు, మామూలుగ పనిచేసుకునేటోళ్లు. ఆ తేడా కాంట్రాక్టర్‌కు తెల్వదు, తెలిసినా పట్టించుకోడు. ఒక్క పని ప్రశ్ననే అడిగి రక్తం ప్రశ్న వదిలేస్తే మా బావ లాంటోళ్లు ఐరన్ గోళీల మీద బతుకుతరు. అందుకే రెండు ప్రశ్నలూ ఒకే నోటి నుంచి రావాలె. ఒకటే వస్తే అది మన మీదికే కత్తి.

నిజానికి రక్తమూ పనీ ఒంట్ల విడివిడిగ ఉండయి. సికిల్ ఉన్నోనికి నీళ్లు తక్కువైతే, వేడి ఎక్కువైతే, నిద్ర లేక ఒళ్లు అలిసిపోతే కణాలు కొడవలి లెక్క వంగి సన్నని నరాల్లో అడ్డం పడతయి. అదే ఆ ప్రాణం తీసే నొప్పి. ఫార్మా ప్రొడక్షన్ ఏరియాల నీళ్లు తాగనియ్యరు, మందు కలుషితం కావద్దని అది రూల్. తాగాలంటే గౌను, గ్లోవ్స్ విప్పి బయటికి రావాలె, మళ్లీ తొడుక్కుని పోవాలె. సూపర్‌వైజర్ గడియారం చూస్తడు. ఇగ నీళ్లు తాగుడే తగ్గిస్తరు. పైన డబుల్ డ్యూటీ. ఆ నొప్పితో పడిపోతే "తాగొచ్చిండు" అన్నోళ్లున్నరు మా బావను. ఆయన చుక్క ముట్టడు. సికిల్‌కు హైడ్రాక్సీయూరియా అనే మందుంది, నొప్పి దాడులను తగ్గిస్తది, డాక్టరు చూపుల్లో, రక్తం లెక్కలు చూస్తూ వాడాలె. ఫోలిక్ యాసిడ్ ఉంది. కానీ నీళ్లు తాగే పది నిమిషాలు కూడా ఆయనకు మందే. ఏ డాక్టరన్నా అది చీటీ మీద రాసిండా? పని అడిగితే గదా రాసేది!

చట్టం లేదా అంటే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో 29 జబ్బులున్నయి. సీసం విషం, బెంజీన్ విషం, సిలికోసిస్, రసాయనాలు తగిలి వచ్చే చర్మ రోగం, విషం వల్ల వచ్చే కామెర్లు, విషం వల్ల వచ్చే రక్తహీనత. చూసిన్రా? మా బావ చీటీల మీదున్న రెండు మాటలూ ఆ జాబితాల ఉన్నయి. ఆ జబ్బు ఉన్నదని అనిపించిన ఫ్యాక్టరీ కార్మికుడికి వైద్యం చేసే డాక్టరు, కంపెనీ డాక్టరే కానక్కర్లేదు, చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్‌కు రాతపూర్వకంగా రిపోర్టు పంపాలని 89వ సెక్షన్ చెప్పింది. పంపకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం పోయి వృత్తి భద్రత కోడ్ వచ్చింది, రిపోర్టు నియమం అందులోనూ ఉంది. ప్రమాదకర పరిశ్రమల్లో ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని కూడా చెప్తున్నరు. ఏం పరీక్ష? బరువు, బీపీ, కంటిచూపు చూసి ఫిట్ అని ముద్ర గుద్దుడేనా? డీఎంఎఫ్ డ్రమ్ముల దగ్గర పనిచేసేటోనికి ఎస్‌జీపీటీ చూడకుండ ఫిట్ అన్నోడు డాక్టరా, ముద్ర గుద్దే మిషనా?

ఈఎస్ఐ సంగతి మనోళ్లలో సగం మందికి తెల్వదు. నెలకు 21,000 లోపు జీతం ఉంటే, పది మంది పనిచేసే ఫ్యాక్టరీ అయితే, కాంట్రాక్టు కార్మికుడైనా వర్తిస్తది. జీతంల 0.75 శాతం మన దగ్గర కోస్తరు, 3.25 కంపెనీ కట్టాలె. కోసిన పైసలు కట్టిన్రా లేదా చూసుకోవాలె, మా బావ జీతంల కోసిన్రు గని ఆయనకు నంబరే ఇయ్యలే. పని వల్ల వచ్చిన జబ్బును పనిలో గాయంతో సమానంగా చూడాలని ఈఎస్ఐ చట్టం 52-ఎ సెక్షన్ చెప్పింది. కానీ ఆ జబ్బు పని వల్ల వచ్చిందని ఏదన్నా కాగితం చెప్పాలె గదా. మళ్లీ అదే ఓపీ చీటీ, అదే ఖాళీ జాగా.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. గోళీల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. యాభై మందికి పైగా పోయిన్రు. ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినోళ్లు ఎందరో. గుర్తుపట్టనికి రాక డీఎన్ఏ పరీక్షలు చేసి శవాలను అప్పజెప్పిన్రు. అక్కడి గేటు ముందు ఏడ్చే తల్లుల ఫోటోలు మనందరం షేర్ చేసినం. బతికున్నప్పుడు వాళ్లలో ఎంతమంది రక్తాన్ని ఎవరన్నా ఒక్కసారి సక్కగ పరీక్షించిన్రు? చచ్చినంక ఎముక నుంచి పేరు కనుక్కునే తెలివి ఉన్న రాజ్యానికి, బతికున్నోని చీటీ మీద పని రాసే తెలివి లేదు.

2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి పటాన్‌చెరులో సూపర్ స్పెషాలిటీ దవాఖానకు శంకుస్థాపన చేసిండు. రానీయుండ్రి, వద్దంటమా. కానీ ఆ దవాఖాన చీటీ మీద కూడా పేరు, వయసు, ఫోన్ నంబరే ఉంటే, అదే ఐరన్ గోళీని ఏసీ గదిల ఇస్తరు, గంతే తేడా.

మన మీద కూడా ఒక మాట అనుకుందాం. జల్, జంగల్, జమీన్ అంటం. పోడు పట్టా కోసం కలెక్టరేట్ ముందు రోజులకు రోజులు కూర్చున్నం, నేనూ కూర్చున్న. కానీ భూమి లేక బెల్టుకు పోయిన మన పిల్లల గురించి ఒక్క తీర్మానం చేసినమా? నా వరకు నేను చెయ్యలే. మా బావ చీటీలు పరిచి చూసేదాకా నాకూ తట్టలే.

మనం అడిగేది ఇది. సంగారెడ్డి జిల్లాలో పీహెచ్‌సీ నుంచి పెద్ద దవాఖాన దాకా, ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో, ప్రతి ఓపీ చీటీ మీద పని, ఎక్కడ, ఎన్నేండ్ల నుంచి అనే గీత పడాలె. సికిల్ మిషన్ పరీక్షలు ఇస్నాపూర్, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి కార్మిక వాడల్లో, ఆదివారం నాడు, డ్యూటీ లేని పూట పెట్టాలె. ఆ రిపోర్టు కార్మికుని చేతికే ఇయ్యాలె, కంపెనీకి కాంట్రాక్టర్‌కు ఇయ్యొద్దు. సికిల్ ఉందని పని నుంచి తీసేస్తే అది నేరంగా చూడాలె. సికిల్ జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నదే, కొత్తగా ఏం అడగట్లే. జిల్లాలో గత ఐదేండ్లలో డాక్టర్లు ఎన్ని వృత్తి జబ్బుల రిపోర్టులు పంపిన్రో ఫ్యాక్టరీల శాఖను సమాచార హక్కు కింద అడుగుతం. దరఖాస్తు రాస్తున్నం, జవాబు రాంగనే ఇక్కడనే పెడతం.

అప్పటిదాకా మన చేతుల ఉన్నది చేసుకుందాం. మా బావ ఇప్పుడు హైడ్రాక్సీయూరియా మీద ఉన్నడు, రక్తం లెక్కలు చూపించుకోవాలె. పోయినసారి దవాఖానకు తోలుకపోయినప్పుడు, చీటీ చేతికి రాంగనే పైన ఖాళీ జాగాల పెన్నుతో మేమే రాసినం: సికిల్ ఎస్ఎస్, బల్క్ డ్రగ్, సాల్వెంట్ డ్రమ్ములు, రెండేండ్లు. డాక్టరమ్మ అది చదివి ఏ సాల్వెంట్ అని అడిగింది. మా బావకు పేరు తెల్వదు. డ్రమ్ము మీదున్న స్టిక్కర్ ఇంగ్లిష్‌ల ఉండె.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డ్రమ్ము మీద ఏం రాసుందో చూసి కాగితం మీద రాసుకోండ్రి. చదవరాకపోతే అక్షరాలు చూసి గీసుకోండ్రి. చాలా యూనిట్ల లోపలికి ఫోన్ తీసుకపోనియ్యరు, దాని కోసం కొట్లాడి పని పోగొట్టుకోకుండ్రి. ఛాతిల నొప్పి, ఊపిరాడకపోవుడు, జ్వరం కలిసొస్తే, లేదా ఒక చెయ్యి కాలు పడిపోతే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకొని పండుకోకుండ్రి, 108కు ఫోన్ చెయ్యుండ్రి, సికిల్ ఉందని ముందే చెప్పుండ్రి. పాత చీటీలు పారెయ్యకుండ్రి. ఈ పేజీకి ఫోటోలు పంపొద్దు, మన పేర్లు, జబ్బులు బయట తిరగొద్దు. ఊరికొచ్చినప్పుడు కవర్ తెచ్చి చూపియ్యండ్రి, కూర్చుని తారీఖుల వారీగ పేరుద్దాం.